ఇంతెఖాల్: అప్పగింతలో అందని తాళంచెవి

(ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఒక దేశం తన గడ్డమీద చెలరేగిన సాయుధ తిరుగుబాటును తానే ఎదుర్కొనే స్థితికి చేరేలా పరాయి దేశం తోడ్పడగలదా? ఈ సభలో మాకు అప్పగించిన అంశం ఇది. మైనారిటీ హక్కుల వేదికకు సైనిక వ్యూహాలతో ఏమి పని అన్న సందేహం మీలో కొందరికి కలిగి ఉండవచ్చు. గత పాతికేళ్ళలో ఈ ప్రయోగం భారీ ఎత్తున జరిగిన నేలలను ఒక్కసారి తలచుకోండి. ఇరాక్, అఫ్గానిస్తాన్, సొమాలియా, మాలి, ఫిలిప్పీన్స్ దక్షిణాన ఉన్న మిందనావో. ఈ ప్రయోగంలో నలిగినవారిలో అత్యధికులు ముస్లింలే. అర్ధరాత్రి తలుపు తట్టేది ఎవరు, పట్టుకుపోయిన మనిషిని ఉంచిన చెరసాల తాళంచెవి ఎవరి జేబులో ఉంది, తుపాకి పట్టినవాడు ఎవరికి జవాబుదారీ అన్నవి వ్యూహకర్తలకు చిన్న వివరాలు. ఆ ఇంటివారికి అవే హక్కులు. అందుకే మేము ఈ అంశాన్ని సైన్యాధికారి కళ్ళతో కాక, ఆ తలుపు లోపలివైపు నిలబడి చూడదలచాము.

ముందుగా ఒక మాట గురించి. 2010 నవంబరులో లిస్బన్‌లో సమావేశమైన నాటో దేశాలు 2014 చివరికల్లా అఫ్గానిస్తాన్ భద్రతా బాధ్యతను అఫ్గానులకే అప్పగించాలని తీర్మానించాయి. ఆ ప్రక్రియకు దరీ, పష్తో భాషల్లో పెట్టిన పేరు 'ఇంతెఖాల్'. ఆ భాషల్లో దానికి బదిలీ అని అర్థం. మన ఉర్దూలోనూ అధికార బదిలీని 'ఇంతెఖాలె ఇఖ్తెదార్' అనే అంటారు. కానీ ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో వట్టి 'ఇంతెఖాల్' అన్న మాట చెవిన పడితే చేతిలో పని వదిలి ఎవరు పోయారని అడుగుతాము. తెలుగులో దీనికి దగ్గరి మాట అప్పగింత. పెళ్ళిలో అప్పగింతల వేళ కన్నవారు తమ బిడ్డను మరొకరి చేతిలో పెడతారు. కాబూల్‌లో జరిగినది అందుకు పూర్తిగా తలకిందులు. అప్పగించినవారు బయటినుంచి వచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇంటివారు. ఇంటివారి ఇంటిని ఇంటివారికే అప్పగించడానికి అంత కాలం ఎందుకు పట్టింది, పట్టినా అది ఎందుకు నిలువలేదు అన్నదే ఈ కథ.

2001 డిసెంబరులో బాన్ నగరంలో తాత్కాలిక ప్రభుత్వానికి రూపకల్పన జరిగింది. మరుసటి ఏడాది జెనీవాలో పనులు పంచుకున్నారు. సైన్యం అమెరికాకు, పోలీసు జర్మనీకి, న్యాయవ్యవస్థ ఇటలీకి, మాదకద్రవ్యాల నిరోధం బ్రిటన్‌కు, సాయుధ ముఠాల నిరాయుధీకరణ జపాన్‌కు. ఉమ్మడి కుటుంబంలో తలా ఒక గది పంచుకున్నట్లు ఒక దేశపు రాజ్యాంగ యంత్రాన్ని పంచుకున్నారు. పోలీసు పట్టుకున్నవాణ్ణి న్యాయమూర్తి విచారించాలి, న్యాయమూర్తి శిక్షించినవాణ్ణి చెరసాల ఉంచుకోవాలి. ఈ మూడూ మూడు రాజధానుల ఆలోచనలతో పెరిగితే వాటి మధ్య అతుకు ఎలా పడుతుంది? జర్మనులు కాబూల్ అకాడమీలో అధికారులకు ఏళ్ళ తరబడి చదువు చెప్పదలచారు. అమెరికన్లు ఆ నిదానం పనికిరాదని కొన్ని వారాల శిక్షణతో కానిస్టేబుళ్ళను వీధుల్లోకి పంపారు. ఏది మంచిదని కాబూల్ పౌరుణ్ణి అడిగినవారు లేరు.

2002లో అనుకున్న సైన్యం 70,000. తిరుగుబాటు తిరిగి రాజుకున్న కొద్దీ ఆ అంకె పెరుగుతూ పోయింది. చివరికి సైన్యమూ పోలీసూ కలిపి 3,52,000 అని నిర్ణయించారు. అంతటి బలగాన్ని పోషించే స్తోమత ఆ దేశ ఖజానాకు లేదని నిర్ణయించినవారికి తెలుసు. 2012 మే నెలలో షికాగో సమావేశం వేసిన లెక్క చూడండి. తగ్గించిన బలగానికి సైతం ఏటా 410 కోట్ల డాలర్లు కావాలి, అందులో 2015 నుంచి అఫ్గాన్ ప్రభుత్వ వాటా 50 కోట్ల డాలర్లు. అంటే రూపాయిలో రెండణాలు ఇంటివారివి, పద్నాలుగణాలు బయటివారివి. సొంత కాళ్ళ మీద నిలబెట్టే ప్రణాళిక అని దీనికి పేరు. రెండు దశాబ్దాలలో ఆ బలగాలపై అమెరికా పెట్టిన ఖర్చు 8,000 కోట్ల డాలర్లను మించింది. పన్ను కట్టే పౌరుడు తన పోలీసును నిలదీయగలడు. జీతం సముద్రాల ఆవలినుంచి వస్తున్నప్పుడు పోలీసు చూపు కూడా సముద్రాల ఆవలికే ఉంటుంది. మా దృష్టిలో ఇతర లోపాలన్నిటికీ మూలమైన లోపం ఇదే.

చేరిన కుర్రవాళ్ళలో అత్యధికులు అక్షరం రానివారు. చాలా ఏళ్ళపాటు ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. తరువాత అక్షరాలు, అంకెలు నేర్పే తరగతులు పెట్టారు. సైనికుడు తన తుపాకి మీది నంబరును తానే చదువుకోగలిగితే అది తనదో కాదో తెలుస్తుంది, జీతం లెక్కపెట్టుకోగలిగితే పైవాడు కాజేసినది తెలుస్తుంది. ఇక్కడ ఒక ఉదంతం చెప్పాలి. 2009లో వర్దక్ ప్రాంతంలో కొందరు పోలీసులకు జీతాన్ని ప్రయోగాత్మకంగా మొబైల్ ఫోన్ ద్వారా నేరుగా పంపారు. తమకు పొరపాటున జీతం పెంచారని వాళ్ళు అనుకున్నారు. అది పెంపు కాదు. మధ్యలో పైఅధికారి చేయి లేకపోవడంవల్ల ఉన్న జీతమే మొత్తంగా అందింది. వేల కోట్ల డాలర్ల ప్రయోగంలో ఆ కానిస్టేబుల్‌కు నిజంగా ఏదైనా అప్పగించినది ఉంటే ఆ రోజేనని మాకు అనిపిస్తుంది.

ఇంకొక పక్క, పటాలాల పట్టికల్లో పేరుండి మనిషి లేని సైనికులు. జీతం మాత్రం నెలనెలా దిగేది. అఫ్గాన్ పునర్నిర్మాణాన్ని తనిఖీ చేయడానికి అమెరికా నియమించిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఏళ్ళ తరబడి ఈ దొంగ లెక్కల గురించి హెచ్చరించింది. ఇరాక్‌లోనూ ఇదే కథ. 2014 జూన్‌లో మోసుల్ కూలిన కొన్ని నెలలకు అక్కడి ప్రధాని అబాదీ 50,000 మంది ఇలాంటి సైనికులు ఉన్నట్లు తేలిందని స్వయంగా పార్లమెంటుకు చెప్పారు.

విమానాల సంగతి. అఫ్గాన్ వైమానికులకు, మెకానిక్కులకు తరతరాలుగా అలవాటైనది రష్యా తయారీ ఎంఐ-17 హెలికాప్టర్. బాగుచేయడం వారికి చేతనవును. వాటి స్థానంలో అమెరికా బ్లాక్ హాక్‌లు తెచ్చిపెట్టారు. వాటి మరమ్మతు విదేశీ కాంట్రాక్టర్ల చేతిలో ఉండిపోయింది. 2021 వేసవిలో సైన్యంతోపాటు ఆ కాంట్రాక్టర్లూ వెళ్ళిపోయారు. కొండల మధ్య చెక్‌పోస్టుల్లో చిక్కుకున్న సైనికులకు తిండి, తూటాలు చేరవేసే దారి దాంతో మూసుకుపోయింది. తానే బాధ్యత వహించాలని ఒక దేశానికి చెబుతూ, తాను లేకుండా నడవని యంత్రాలను దాని చేతిలో పెట్టడాన్ని సహాయం అనవచ్చునా?

అసలు విషయానికి వస్తాము. 2011 మార్చిలో అధ్యక్షుడు కర్జాయ్ మొదటి విడత ఏడు ప్రాంతాలను ప్రకటించారు. బామియాన్, పంజ్‌షీర్, సురోబి మినహా కాబూల్ రాష్ట్రం, హెరాత్, మజారె షరీఫ్, లష్కర్‌గాహ్, మెహ్తర్లామ్ నగరాలు. 2013 జూన్‌లో అయిదవది, చివరిదీ అయిన విడత. పటం మీద రంగులు మారాయి. కానీ రాత్రి దాడుల అదుపు ఎవరిది? ఆడవాళ్ళున్న గదుల్లోకి తలుపులు పగలగొట్టుకుని పరాయి సైనికులు చొరబడటంపై కర్జాయ్ ఏళ్ళ తరబడి నిరసించారు. 2012 ఏప్రిల్‌లోగాని వాటిని అఫ్గాన్ చట్టం పరిధిలోకి తేవాలన్న ఒప్పందం కుదరలేదు. బగ్రామ్ చెరసాల అప్పగింత 2013 మార్చిదాకా సాగింది. 2012 మార్చిలో కాందహార్ సమీపాన పంజ్వాయీలో ఒక అమెరికా సైనికుడు రాత్రిపూట ఇళ్ళలోకి చొరబడి 16 మందిని చంపాడు. వారిలో ఎక్కువమంది పిల్లలు. అతణ్ణి కొద్ది రోజులకే దేశం దాటించి, అమెరికా సైనిక న్యాయస్థానంలో విచారించి, జీవిత ఖైదు వేశారు. శిక్ష పడిందన్నది నిజమే. కానీ ఆ పిల్లల తల్లిదండ్రుల ఊరికి దగ్గరలోని ఏ న్యాయస్థానానికీ ఆ నేరాన్ని విచారించే అధికారం లేకపోయింది. భద్రత అప్పగించారు, న్యాయం అప్పగించలేదు.

సైన్యం చాలనిచోట ఊరివాళ్ళకే తుపాకులివ్వాలన్న ఆలోచన 2010లో 'అఫ్గాన్ స్థానిక పోలీసు'గా రూపుదాల్చింది. కొన్ని ఊళ్ళలో అది నిజంగానే ఊరికి కాపలా అయింది. మరికొన్నింట దోపిడీకి, కక్షసాధింపుకు, అత్యాచారాలకు పూనుకుంది. ఏడాది తిరిగేసరికే మానవ హక్కుల సంస్థలు దీన్ని నివేదికల్లో నమోదు చేశాయి.

ఈ భాగం వింటున్నప్పుడు తెలుగువారికి సుదూరపు కాబూల్ కంటే ముందు పక్కనున్న బస్తర్ గుర్తుకు రావాలి. 2005లో దంతెవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైంది. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనమిచ్చి, మావోయిస్టుల మీదికి పంపారు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వేలమంది అడవి దాటి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాకు వలస వచ్చారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ నియామకాలు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించినవారు మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. చదువు అంతంతమాత్రమైన కుర్రవాళ్ళను చట్టం గురించి బోధపడకుండానే చావుకు ఎదురుగా నిలబెట్టడం వారి ప్రాణానికే విలువ లేదనడమని ఆ తీర్పు సారాంశం. తిరుగుబాటును ఎదుర్కొనే బాధ్యత ప్రభుత్వానిదేనని అది ఒప్పుకుంది, ఆ బాధ్యతను పేదవాడి భుజం మీదికి దింపడాన్ని ఒప్పుకోలేదు. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వేరే చట్టం చేసి ఆ యువకులను సహాయక బలగంలోకి తీసుకున్నదన్నది వేరే సంగతి. అయినా న్యాయస్థానం అన్నది ఒకటి ఉండి, అక్కడికి బాధితుల తరఫున వెళ్ళగలిగినవారు ఉండటమే బస్తర్‌కూ కాందహార్‌కూ ఉన్న తేడా. ఆ తేడా చిన్నది కాదు.

తిరిగి కాబూల్‌కు. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్‌ల మధ్య ఒప్పందం కుదిరింది. దాని మీద అఫ్గాన్ ప్రభుత్వ సంతకం లేదు. అయినా ఆ ప్రభుత్వ చెరలో ఉన్న 5,000 మంది ఖైదీల విడుదలకు ఆ ఒప్పందమే హామీ పడింది. తన చెరసాల తలుపు ఎప్పుడు తెరవాలో కూడా తనకు తెలియకుండానే నిర్ణయమైపోయిన ప్రభుత్వం కోసం ఏ సైనికుడు ప్రాణమిస్తాడు? 2021 జూలై మొదట్లో బగ్రామ్ స్థావరాన్ని అమెరికన్లు రాత్రివేళ ఖాళీ చేశారు. వాళ్ళు వెళ్ళిన కొన్ని గంటల తరువాతగాని తమకు తెలియలేదని దాని కొత్త అఫ్గాన్ కమాండర్ విలేకరులకు చెప్పారు. ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది.

ఆ రోజుల్లో అఫ్గాన్ సైన్యం పోరాడకుండా పారిపోయిందని అగ్రరాజ్యం నిందించింది. పోరాడనివారు అంతమంది చనిపోరు. 2014 సెప్టెంబరులో తాను పదవి చేపట్టినప్పటినుంచి 45,000 మందికి పైగా భద్రతా సిబ్బంది చనిపోయారని 2019 జనవరిలో అధ్యక్షుడు అష్రఫ్ గనీ దావోస్‌లో చెప్పారు. అదే కాలంలో చనిపోయిన విదేశీ సైనికులు వందమంది కూడా లేరని ఆయనే అన్నారు. ఆ మాట ఆయన తన దేశ త్యాగానికి రుజువుగా చెప్పారు. మాకు అది అప్పగింత ఖరీదుగా వినిపిస్తుంది. యుద్ధం ఆగలేదు, చనిపోయేవారి పాస్‌పోర్టు మారింది.

మన వర్గాల్లో కూడా కొందరు ఆనాడు సంతోషించారు. అగ్రరాజ్యం ఓడిందన్న సంతోషం మాకు అర్థం కాకపోదు. కానీ ఆ 45,000 మంది ఎవరి బిడ్డలు? వాళ్ళకు జనాజా నమాజు చదివినది ఎవరు? ఐక్యరాజ్యసమితి కార్యాలయం ఏటా వేసిన లెక్కల్లో పౌరుల మరణాలకు, గాయాలకు ఎక్కువ సార్లు బాధ్యులు తాలిబాన్, తదితర సాయుధ బృందాలే. అదే కార్యాలయం 2019 మొదటి మూడు నెలల్లో ప్రభుత్వ, అంతర్జాతీయ బలగాల చేతిలో చనిపోయిన పౌరులే ఎక్కువని కూడా రాసింది. రెండు లెక్కలూ మనవాళ్ళ శవాల లెక్కలే. ఇక అధికారం చేజిక్కిన తరువాత ఆరవ తరగతి పైబడిన ఆడపిల్లల బడులు మూతపడ్డాయి. విదేశీ సైన్యం వెళ్ళిపోవడమే విముక్తి అయితే ఆ పిల్లలకు ఇప్పుడు బడి ఉండాలి. ఒక ప్రభుత్వం తన ప్రజలకు జవాబుదారీ కానప్పుడు అది కాబూల్‌లో పుట్టినదా, వాషింగ్టన్‌లో పుట్టినదా అన్న ప్రశ్నతో ఆ ఇంటి ఆడపిల్లకు ఒరిగేదేమీ లేదు.

మరి ఎక్కడా ఇది కుదరలేదా? పూర్తిగా కుదిరిందని చెప్పలేము గాని, మిందనావోలో కొంత కుదిరింది. ముస్లిం అల్పసంఖ్యాకుల కథ కాబట్టి మన పాఠకులు దాన్ని తెలుసుకోవలసి ఉంది. ఫిలిప్పీన్స్ కాథలిక్ క్రైస్తవులు అధికంగా ఉన్న దేశం. దక్షిణాది ముస్లింలను మోరోలు అంటారు. స్పెయిన్‌వారు తిట్టుగా పెట్టిన ఆ పేరును వాళ్ళు జెండాగా చేసుకున్నారు. ఉత్తరాదినుంచి తరలివచ్చిన వలసదారులతో సొంత నేలమీదే వాళ్ళు అల్పసంఖ్యాకులయ్యారు. 1972లో మార్కోస్ సైనిక శాసనం విధించాక యుద్ధం రాజుకుంది. 1976లో ట్రిపోలీలో, 1996లో మనీలాలో ఒప్పందాలు జరిగాయి, అరకొరగా అమలయ్యాయి. 2000లో అధ్యక్షుడు ఎస్ట్రాడా సమస్తాన్నీ యుద్ధంతోనే తేలుస్తానని మోరో ఇస్లామిక్ విమోచన కూటమి ప్రధాన స్థావరం అబూబకర్‌ను పట్టుకున్నారు. స్థావరం చిక్కింది, తిరుగుబాటు చిక్కలేదు.

అక్కడికీ అమెరికా సలహాదారులు వచ్చారు. 2002నుంచి 2015దాకా కొన్ని వందలమంది ఉన్నారు. కానీ 1987 నాటి ఫిలిప్పీన్స్ రాజ్యాంగం ఒప్పందం లేని విదేశీ స్థావరాలను, సైన్యాలను నిషేధించింది. వచ్చినవారు స్వయంగా పోరులో దిగరాదన్న షరతు మీదే వచ్చారు. షరతు ఎల్లవేళలా అక్షరాలా నిలిచిందో లేదో అక్కడి పత్రికలు, చట్టసభలు ఏళ్ళ తరబడి ప్రశ్నిస్తూనే ఉన్నాయి. ప్రశ్నించగలగడమే ఇక్కడ ముఖ్యం. సాయానికి వచ్చినవాడి చేతులకు ఇంటివారి చట్టం కట్టుబాటు విధించింది. కాబూల్‌లో కట్టుబాట్లు విధించినది వచ్చినవాడు.

అంతకంటే ముఖ్యమైనది, తిరుగుబాటుదారులతో మాట్లాడినది ప్రభుత్వమే. మలేసియా మధ్యవర్తిగా కూర్చుంది, సంతకాలు మాత్రం ఇంటివారివి. 2014 మార్చి 27న బంగ్సమోరో సమగ్ర ఒప్పందం కుదిరింది. పది నెలలకే పెద్ద దెబ్బ తగిలింది. 2015 జనవరి 25న మమాసపానోలో ఒక మలేసియా బాంబు నిపుణుడి కోసం పోలీసు కమాండోలు మోరో కూటమికి ముందుగా చెప్పకుండా చొరబడ్డారు. అతడు హతమయ్యాడు, 44 మంది కమాండోలు చనిపోయారు, కూటమి యోధులూ పౌరులూ చనిపోయారు. దేశమంతటా ముస్లింల మీద ద్వేషం ఎగసింది, స్వయంప్రతిపత్తి బిల్లు చట్టసభలో నిలిచిపోయింది. మళ్ళీ అడవి దారి పట్టడానికి కూటమికి ఇంతకు మించిన సాకు అక్కర్లేదు. వాళ్ళు పట్టలేదు.

2017లో ఐసిస్‌కు విధేయత ప్రకటించిన ముఠాలు మరావీ నగరాన్ని ఆక్రమించి అయిదు నెలలు పోరాడినప్పుడు, చిక్కుకున్న పౌరులను బయటికి తెచ్చే శాంతి మార్గాన్ని నడపడంలో ప్రభుత్వంతో చేయి కలిపినది నిన్నటి తిరుగుబాటుదారులైన ఆ కూటమివారే. ఏ విదేశీ శిక్షణా ఇవ్వలేని బలం అది. మోరో కుర్రవాడిని ఉగ్రవాదం వైపు పోనీయకుండా ఆపగలిగినది మోరో పెద్దల మాటే. ఆ మాటకు విలువ రావాలంటే ఆ పెద్దల చేతిలో చూపడానికి ఒక హక్కుపత్రం ఉండాలి. అయినా మరావీ నడిబొడ్డు శిథిలమైంది, అక్కడివారు ఏళ్ళ తరబడి తాత్కాలిక గుడారాల్లో, షెడ్లలో బతికారు. దీన్ని విజయగాథగా చెప్పే అధికారం మాకు లేదు.

2018లో చట్టం వచ్చింది. 2019 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది. దానికి సొంత పార్లమెంటు, షరియత్ న్యాయస్థానాలు, జాతీయ పన్నుల ఆదాయంలో 5 శాతం వాటా ఉన్నాయి. ఆ వాటా ఎవరి దయా కాదు, చట్టంలో రాసినది. తుపాకి పట్టిన మురాద్ ఇబ్రహీం మొదటి తాత్కాలిక ముఖ్యమంత్రి అయ్యారు.

కథ ఇంకా నడుస్తోంది. పార్లమెంటు ఎన్నికలు 2022లో జరగవలసినవి పదేపదే వాయిదా పడ్డాయి. 2024లో అక్కడి సుప్రీంకోర్టు సులూ రాష్ట్రాన్ని ఈ ప్రాంతంలో చేర్చడం చెల్లదని తేల్చింది, ఎందుకంటే సులూ ఓటర్లు ప్రజాభిప్రాయ సేకరణలో వద్దన్నారు. కూటమి యోధులు 40,000 మంది ఆయుధాలు దించాలన్నది ఒప్పందం. సుమారు 26,000 మంది దించారు. దించినవారికి ఇస్తామన్న జీవనోపాధి, భూమి, ఇల్లు సక్రమంగా అందలేదని 2025 జూలైలో కూటమి మిగిలినవారి నిరాయుధీకరణను నిలిపివేసింది. ఇస్తామన్నది ఇచ్చామని ప్రభుత్వం అంది, ఇవ్వలేదని వాళ్ళన్నారు. ఆ మిగిలిన 14,000 మంది తుపాకులు అప్పటికి ఇంకా దిగలేదు.